దివ్యాంగ చిత్రకారుడికి స్కాలర్‌షిప్, ప్రదర్శన, సంపాదన: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరుండేది ఏలూరు దగ్గర. మీ తమ్ముడికి 24 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీలో తిరుగుతాడు, మాట అలవాటైనవాళ్లకే అర్థమవుతుంది, డిగ్రీ చదివాడు. ఊళ్లో డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటూ ఎడమ చేత్తో ఆక్రిలిక్ బొమ్మలు వేస్తున్నాడు. ఇంట్లో నలభై దాకా కాన్వాసులు పోగయ్యాయి. ప్రభుత్వ సాయం వస్తుందా, ఎగ్జిబిషన్ ఎలా పెట్టాలి, దీని మీద బతకగలడా అని అడిగారు. మూడింటికీ దారులున్నాయి. కాకపోతే మూడింటికీ వేర్వేరు తలుపులు తట్టాలి.

తొందరగా చేయాల్సిన పని ముందు చెబుతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఒక స్కాలర్‌షిప్ ఇస్తుంది. దాన్ని నడిపేది ఆ శాఖ కిందే ఉన్న సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ). వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు, ఆరు నెలలకోసారి 30,000 చొప్పున నాలుగు విడతల్లో. దేశమంతటికీ కలిపి 400 దాకా ఉంటాయి. సంగీతం, నాట్యం, నాటకం, జానపద కళలతో పాటు చిత్రలేఖనం, శిల్పం, గ్రాఫిక్స్ కూడా ఇందులో ఉన్నాయి. వయసు పరిమితి 25 కాబట్టి మీ తమ్ముడికి మిగిలింది ఒకటి రెండు అవకాశాలే. వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

దీనికి డిగ్రీ కంటే ముఖ్యమైన షరతు, గురువు దగ్గరో సంస్థలోనో కనీసం ఐదేళ్ల శిక్షణ. మీ తమ్ముడికి ఎనిమిదేళ్లుంది, కానీ దాన్ని కాగితం మీద చూపించాలి. ఇక్కడే చాలా దరఖాస్తులు పోతాయి. పోటీల్లో గెలిచిన సర్టిఫికెట్లు ముప్ఫై జతచేస్తారు, శిక్షణ పత్రం మాత్రం ‘ఈ అబ్బాయి బాగా బొమ్మలు వేస్తాడు’ అని రెండు వాక్యాల్లో ఉంటుంది. మాస్టారి చేత ఇవన్నీ రాయించండి: ఆయన అర్హతలు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ నెల ఏ సంవత్సరం నుంచి నేర్పుతున్నారు, వారానికి ఎన్ని గంటలు, ఏమేం నేర్పారు (పెన్సిల్, నీటి రంగులు, ఆక్రిలిక్, కంపోజిషన్), రాబోయే రెండేళ్లు ఏం నేర్పబోతున్నారు. చివరిది చాలామంది వదిలేస్తారు. ఈ డబ్బు ఇచ్చేదే పైశిక్షణ కోసం, కాబట్టి కమిటీ మొదట వెతికేది అదే.

ఎంపికకు నిపుణుల ముందు హాజరు కావాలి, అసలు బొమ్మలు వెంట తీసుకెళ్లాలి. పిలుపు రాగానే ఒక ఉత్తరం పంపండి: అభ్యర్థి చక్రాల కుర్చీలో వస్తాడు, కింది అంతస్తు లేదా లిఫ్ట్ కావాలి, అతని మాట అర్థం చేసుకుని తిరిగి చెప్పే వ్యక్తిని పక్కన ఉండనివ్వాలి, లేదా ఫోన్‌లో టైప్ చేసి జవాబివ్వనివ్వాలి. వెళ్లాక అడిగితే గందరగోళమవుతుంది, ముందు రాస్తే ఏర్పాటు చేయడం వాళ్ల బాధ్యత అవుతుంది. పక్కన ఉండేది మీరే అయితే ఒక్క జాగ్రత్త: అతని జవాబు మీరు చెప్పకండి, అతను అన్నదే తిరిగి చెప్పండి. సీసీఆర్‌టీ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది, సందేహాలకు అక్కడ అడగవచ్చు.

25 దాటితే దారి మూసుకుపోదు. అదే శాఖకు జూనియర్ ఫెలోషిప్ ఉంది: 25 నుంచి 40 ఏళ్ల వారికి నెలకు 10,000, రెండేళ్లు. 40 దాటినవారికి సీనియర్ ఫెలోషిప్, నెలకు 20,000. అయితే ఇది పరిశోధనకిచ్చే డబ్బు. ‘రెండేళ్లు బొమ్మలు వేసుకుంటాను’ అంటే ఇవ్వరు. ఒక విషయం తీసుకుని దాన్ని లోతుగా తవ్వాలి. మీ ఊరి దగ్గరే చూడండి: ఏలూరు తివాచీల డిజైన్లు, పాత నేతగాళ్లు వాడిన రంగులు, వాటిని నమోదు చేస్తూ వాటి నుంచి పుట్టే చిత్రాల వరుస. లేదా కొల్లేటి పల్లెలు. చక్రాల కుర్చీలో మగ్గం దాకా వెళ్లగలడా, ఎవరు తీసుకెళ్తారు అన్నది కూడా ప్రణాళికలో రాయాలి. అది రాస్తే ఇది జరిగే పనే అని చదివేవారికి నమ్మకం కలుగుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలున్నవారి కోసం ఒక మాట. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సీసీఆర్‌టీ ఇచ్చే కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్పులలో కొన్ని దివ్యాంగ బాలలకే కేటాయించారు. పోటీ పడేవారు తక్కువ. స్కూళ్లు చెప్పవు, తల్లిదండ్రులే కనిపెట్టుకుని ఉండాలి.

కాగితాల సంగతి

వైకల్య శాతం తెలిపే సదరం ధ్రువపత్రం ఉందని రాశారు, దివ్యాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు యూడీఐడీ గురించి రాయలేదు. కేంద్ర పథకాలు, మేళాలు, అవార్డులు అన్నిటికీ ఇప్పుడు యూడీఐడీ అడుగుతున్నారు. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కార్డు మీద గీత రంగు చూడండి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. చాలా ప్రయోజనాలు 40 దగ్గర మొదలవుతాయి. సదరంలో పేరు, ఆధార్‌లో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. ఎంపికయ్యాక డబ్బు ఆగిపోయేది ఎక్కువగా దీనివల్లే.

బ్యాంకు ఖాతా మీ తమ్ముడి పేరనే ఉండాలి, మీతో ఉమ్మడిగా కాదు. సంతకం ప్రతిసారీ ఒకేలా రాదని బ్యాంకువాళ్లు అభ్యంతరం చెబితే, వేలిముద్రతో ఖాతా నడపవచ్చు. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. కొన్నిచోట్ల ‘సెరిబ్రల్ పాల్సీ కదా, గార్డియన్ సర్టిఫికెట్ తెండి’ అంటారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలతో పాటు సెరిబ్రల్ పాల్సీ పేరు ఉండటంతో వచ్చే తికమక ఇది. తన నిర్ణయాలు తాను తీసుకోగల వ్యక్తికి సంరక్షకుడు అక్కర్లేదు. అనవసరంగా తీసుకుంటే రేపు ప్రతి ఒప్పందం మీదా అతని సంతకం బదులు మీ సంతకం అడుగుతారు. నిజంగా అవసరమున్నవారికి మాత్రం జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది.

పింఛను గురించి కూడా. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు వచ్చే 6,000 మీకు ముఖ్యమైన ఆధారం. బొమ్మల మీద ఆదాయం మొదలైతే దానికి వేరే ఖాతా పెట్టి లెక్క రాయండి, అర్హత నిబంధనలు సచివాలయంలో ముందే కనుక్కోండి. తర్వాత ఎవరో అడిగితే చూపడానికి లెక్క ఉంటుంది.

బొమ్మల ఎంపిక, ఫొటోలు

నలభై బొమ్మలూ పంపకండి. పన్నెండు నుంచి పదిహేను చాలు, అవీ ఒకదానికొకటి చుట్టరికం ఉన్నవి. ఒక వినాయకుడు, ఒక జలపాతం, ఒక హీరో ముఖం, ఒక రాధాకృష్ణులు కలిపి పంపితే జ్యూరీకి చిత్రకారుడు కనిపించడు, చేయి తిరిగిన విద్యార్థి కనిపిస్తాడు. క్యాలెండర్ల నుంచి, ఇంటర్నెట్ ఫొటోల నుంచి చూసి వేసినవన్నీ పక్కన పెట్టండి. అవి సాధనకు పనికొస్తాయి, దరఖాస్తుకు పనికిరావు. పైగా వేరొకరి ఫొటో ఆధారంగా వేసింది అమ్మితే కాపీరైట్ తగాదా రావచ్చు.

దరఖాస్తుల్లో మొదట చూసేది ఫొటోనే కాబట్టి దీని మీద ఒక రోజు పెట్టండి. ఫ్రేమూ అద్దమూ లేని బొమ్మను ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య ఆరుబయట నీడపట్టున గోడకు నిటారుగా నిలపండి. నేరుగా ఎండ పడకూడదు. ట్యూబులైటు వెలుగు, కిటికీ వెలుగు కలిస్తే సగం బొమ్మ పసుపుగా, సగం నీలంగా వస్తుంది. ఫోన్‌ను బొమ్మ నడిమధ్య ఎత్తులో, గోడకు సమాంతరంగా పట్టాలి. కెమెరాలో గడుల గీతలు ఆన్ చేస్తే తెలుస్తుంది. దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు బయటికి ఉబ్బుతాయి, రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీయండి. ఫ్లాష్, ఫిల్టర్లు వద్దు. తర్వాత కాన్వాస్ అంచులదాకా కత్తిరించాలి, గోడ కనపడకూడదు. పొడవు వైపు 3,000 పిక్సెల్స్ ఉంటే దాదాపు అన్నిచోట్లా సరిపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులో చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం ఉండాలి. ‘ఐఎంజీ 2047’ అని ఉన్న ఫైలు ఎవరిదో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

వీటితో పాటు ఒక రిజిస్టరు పెట్టండి. ప్రతి బొమ్మకూ నంబరు, పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత (ఎత్తు ముందు, వెడల్పు తర్వాత), ధర, ఇప్పుడు ఎక్కడుంది. మూడు చోట్లకు బొమ్మలు పంపడం మొదలయ్యాక ఈ పుస్తకమే కాపాడుతుంది.

ఇక తన గురించి రాసే పరిచయం: 150 నుంచి 200 మాటలు, మొదట తెలుగులో అతనే చెప్పాలి, తర్వాత ఇంగ్లిష్ చేయించుకోండి. ఏం వేస్తాడు, ఎందుకు వేస్తాడు, రంగు ఎలా పెడతాడు. వైకల్యం బొమ్మలో భాగమైతే, అంటే చేతి వణుకు గీతలో కనిపిస్తూ అదే అతని శైలి అయితే, ధైర్యంగా రాయండి. కాకపోతే ఒక్క వాక్యం చాలు. ‘శరీరం సహకరించకపోయినా ఆత్మవిశ్వాసంతో’ అంటూ మొదలుపెట్టే పరిచయాలు చప్పట్లు తెస్తాయి, కొనుగోళ్లు తేవు. జాలితో కొన్నవాళ్లు రెండోసారి కొనరు. నేను ఈ విషయంలో గట్టిగానే చెబుతాను, ఎందుకంటే మంచి చిత్రకారుల ధరలు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోవడానికి కారణం ఇది.

ప్రదర్శనలు: ఏది దేనికి పనికొస్తుంది

దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా ఉన్నవాటిని మెట్టుగా వాడుకోండి, అక్కడే ఉండిపోకండి. కేంద్ర దివ్యాంగుల సాధికారత శాఖ, దివ్యాంగులకు అప్పులిచ్చే కేంద్ర సంస్థ ఎన్‌డీఎఫ్‌డీసీ కలిసి 2022 డిసెంబరులో ఢిల్లీలో దివ్య కళా మేళా మొదలుపెట్టాయి. తర్వాత వేర్వేరు నగరాలకు వెళ్తోంది, విశాఖలోనూ జరిగింది. అది గ్యాలరీ వాతావరణం కాదు, స్టాళ్ల సంత. 20,000 రూపాయల కాన్వాస్ అక్కడ కదలదు. గ్రీటింగ్ కార్డులు, ఆరు అంగుళాల చిన్న కాన్వాసులు, బుక్‌మార్కులు, ప్రింట్లు తీసుకెళ్లాలి. ఒక్క పెద్ద బొమ్మ వెనక గోడకు తగిలించి, చిన్నవి ముందు పెట్టండి. యూపీఐ కోడ్ పెద్దగా ప్రింట్ చేసి పెట్టుకోండి, మాట అర్థం కానివారితో బేరం అక్కడే తేలిపోతుంది.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే యూత్‌ఫర్‌జాబ్స్ సంస్థకు ‘నాట్ జస్ట్ ఆర్ట్’ అనే వేదిక ఉంది, దివ్యాంగ చిత్రకారుల కోసమే. మనకు దగ్గరలో ఉన్నది కాబట్టి మొదట అక్కడ చూడండి. ముంబై నుంచి నడిచే అటిపికల్ అడ్వాంటేజ్‌లో బొమ్మలు అమ్మకానికి పెట్టవచ్చు, కంపెనీలు అక్కడ ఆర్డర్లిస్తాయి. బెంగళూరు ఇండియా ఇన్‌క్లూజన్ ఫౌండేషన్ కూడా దివ్యాంగ కళాకారులతో పనిచేస్తుంది. అబిలింపిక్స్ అనే దివ్యాంగుల నైపుణ్య పోటీల్లో చిత్రలేఖనం లాంటి కళా విభాగాలు ఉంటాయి. డిసెంబరు 3న ఇచ్చే జాతీయ దివ్యాంగ పురస్కారాలకు రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి.

నోటితోనో కాలితోనో వేసేవారు ఇది చదువుతుంటే: 1956లో మొదలై లిక్టెన్‌స్టైన్ కేంద్రంగా నడిచే మౌత్ అండ్ ఫుట్ పెయింటింగ్ ఆర్టిస్ట్స్ సంఘానికి ముంబైలో భారత శాఖ ఉంది. బొమ్మలు చూసి నచ్చితే మొదట విద్యార్థిగా తీసుకుని స్టైపెండ్ ఇస్తారు, తర్వాత అసోసియేట్, ఆపైన పూర్తి సభ్యత్వం. సంఘం నడిచేది కార్డులు, క్యాలెండర్ల అమ్మకం మీద. చేత్తో వేసేవారికి ఇది వర్తించదు, కాబట్టి మీ తమ్ముడికి కుదరదు.

కెరీర్ కట్టేది మాత్రం అందరితో కలిసి పోటీపడే ప్రదర్శనలే. 1954లో ఏర్పడ్డ లలిత కళా అకాడమీ ఏటా జాతీయ చిత్రకళా ప్రదర్శనకు ఎంట్రీలు పిలుస్తుంది. మనకు దగ్గరలోని ప్రాంతీయ కేంద్రం చెన్నై. అందులో ఒక్కసారి ఎంపికైనా సీవీలో ఆ వరుస జీవితాంతం పనిచేస్తుంది. హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, విజయవాడలో కల్చరల్ సెంటర్ లాంటి చోట్ల జరిగే గ్రూప్ షోలలో చోటు వెతకండి. సోలో షో ఇప్పుడే వద్దు. హాలు అద్దె, ఫ్రేములు, ఆహ్వానపత్రాలు అన్నీ మీ నెత్తిన పడతాయి, చూడటానికి వచ్చేది బంధువులే. ముగ్గురు నలుగురు చిత్రకారులు కలిస్తే ఖర్చు పంచుకోవచ్చు, ఒక్కొక్కరి పరిచయస్తులు మిగతావారి బొమ్మలూ చూస్తారు.

గ్రాంట్లలో బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ పేరు రాసిపెట్టుకోండి. ప్రతిపాదన ఏ భారతీయ భాషలోనైనా పంపవచ్చు, కాబట్టి తెలుగులోనే రాయండి. అతను సొంత మాటల్లో చెప్పిన ఆలోచనకు ఉండే బలం ఎవరో రాసిచ్చిన ఇంగ్లిష్‌కు ఉండదు. ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులైతే హైదరాబాద్ కృష్ణాకృతి ఫౌండేషన్ స్కాలర్‌షిప్పులు చూడాలి.

అందుబాటు కోసం ఏం అడగాలి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ దివ్యాంగ కళాకారులకు, రచయితలకు సదుపాయాలు, తోడ్పాటు, స్పాన్సర్‌షిప్ కల్పించాలని ప్రభుత్వాలకు చెబుతోంది. నిర్వాహకులకు ఆ సెక్షన్ చూపించి మొదలుపెట్టమని కాదు. కానీ అడగడం యాచన కాదని మీకు తెలియాలి.

ఎంపికైన వెంటనే మెయిల్‌లో కొలతలతో సహా అడగండి. ‘వీల్‌చైర్ వస్తుందా’ అంటే ‘వస్తుందండీ, మా కుర్రాళ్లు ఎత్తుకుని తెస్తారు’ అంటారు. అలా కాదు: వాకిట్లో ఎన్ని మెట్లున్నాయి, ర్యాంప్ ఉంటే వాలు ఎంత (ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదముంది), తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లుందా, మరుగుదొడ్డిలోకి కుర్చీ వెళ్తుందా, ఫొటోలు పంపగలరా. ప్రారంభోత్సవం వేదిక మీద అయితే వేదికకు కూడా ర్యాంప్ కావాలి. చిత్రకారుణ్ణి కింద ఉంచి జ్ఞాపిక అందించడం చాలా సభల్లో జరుగుతుంది. ముందే చెబితే వేదికే లేకుండా చేస్తారు, అది అందరికీ మంచిది. బధిర కళాకారులైతే సంజ్ఞాభాష అనువాదకుడిని, ఎన్ని గంటలు కావాలో సహా అడగాలి.

ఈ ఖర్చులు గ్రాంట్ బడ్జెట్‌లో విడి వరుసగా రావాలి. 2,00,000 రూపాయల ఏడాది ప్రాజెక్టుకు ఇలా ఉండవచ్చు: రంగులు, కాన్వాస్ 35,000; ఫ్రేములు 25,000; చిత్రకారుడి పారితోషికం 50,000; సహాయకుడికి నెలకు 3,000 చొప్పున 36,000; ఇద్దరి ప్రయాణం 20,000; ఫొటోలు, క్యాటలాగ్ 14,000; ప్యాకింగ్, రవాణా 10,000; అనుకోని ఖర్చులకు 10,000. రంగులు కలిపి, కాన్వాస్ తిప్పి, బ్రష్‌లు కడిగే పని ఇంట్లో మీరు ఉచితంగా చేస్తున్నారని ఆ వరుస తీసేయకండి. రేపు మీకు పెళ్లో ఉద్యోగమో అయితే ఆ పని ఎవరో చేయాలి, దానికి విలువ ఇప్పుడే కట్టాలి. చిత్రకారుడి పారితోషికం వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

రైల్లో వెళ్లేటప్పుడు: తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక దివ్యాంగులకు స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్లేవారికీ అంతే. దానికి రైల్వే ఇచ్చే దివ్యాంగజన్ కార్డు తీసుకోవాలి. రైల్వే నమూనాలోనే ప్రభుత్వ వైద్యుడి సర్టిఫికెట్ కావాలి. కార్డు చేతికి రావడానికి సమయం పడుతుంది కనుక ప్రదర్శన ఖాయమయ్యే దాకా ఆగకండి.

బొమ్మల ప్యాకింగ్‌లో ఒక్క సంగతి తప్పక గుర్తుంచుకోండి. ఆక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది. మే నెలలో లారీలో బబుల్ రాప్ నేరుగా తగిలితే గుండ్రటి మచ్చలు బొమ్మ మీద అచ్చు పడతాయి, ఇక పోవు. మొదట గ్లాసిన్ అనే నున్నటి పలుచటి కాగితం, తర్వాత బుడగలు బయటికి ఉండేలా బబుల్ రాప్, మూలలకు అట్టముక్కలు. చుట్టి పంపాల్సి వస్తే రంగున్న వైపు బయటికి ఉంచి, కనీసం నాలుగంగుళాల లావు గొట్టానికి చుట్టాలి. లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్లిస్తుంది.

ధర, ఒప్పందం

కొత్త చిత్రకారుడికి చదరపు అంగుళం లెక్కే తేలిక. 24కి 30 అంగుళాల కాన్వాస్ 720 చదరపు అంగుళాలు. అంగుళానికి 15 రూపాయలనుకుంటే 10,800, ఫ్రేము ఖర్చు వేరు. చిన్నవాటికి రేటు కాస్త ఎక్కువ పెట్టాలి. ఇంట్లో అమ్మినా గ్యాలరీలో అమ్మినా ధర ఒకటే ఉండాలి. గ్యాలరీలో 15,000 అన్న బొమ్మను మీ ఇంటికొచ్చినవారికి 8,000కు ఇచ్చారని తెలిస్తే ఆ గ్యాలరీ మళ్లీ పిలవదు. గ్యాలరీలు 30 నుంచి 50 శాతం దాకా కమిషన్ తీసుకోవడం మామూలే, ధర వేసేటప్పుడే అది కలిసి ఉండాలి.

కాగితం మీద రాసుకోవాల్సినవి: ఏ బొమ్మలు, ఎన్నాళ్లు, కమిషన్ ఎంత, అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు, దెబ్బతింటే ఎవరిది బాధ్యత, అమ్ముడుపోనివి ఎవరి ఖర్చుతో తిరిగొస్తాయి. వీటికంటే ముఖ్యమైనది కాపీరైట్. కాన్వాస్ అమ్మినంత మాత్రాన దాన్ని క్యాలెండర్‌గా అచ్చేసే హక్కు కొన్నవారికి రాదు. అయితే ఎవరైనా డబ్బిచ్చి ‘మాకు ఈ బొమ్మ వేసిపెట్టు’ అని ఆర్డరిస్తే, వేరుగా రాసుకోకపోతే 1957 చట్టం 17వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ ఆర్డరిచ్చినవారిదే అవుతుంది. కంపెనీలు దీపావళి కార్డులకు, డైరీలకు అడిగేది సరిగ్గా ఇలాంటి పనే. అందుకని ఆర్డరు ఒప్పుకునే మెయిల్‌లోనే ‘కాపీరైట్ చిత్రకారుడిదే, ఈ ఏడాది డైరీకి, ఇన్ని కాపీలకు మాత్రమే అనుమతి’ అని రాయండి, అవతలివారి అంగీకారం తీసుకోండి. హక్కు రాసిచ్చేటప్పుడు గడువు చెప్పకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది.

బతకడం గురించి

బొమ్మలు అమ్మి మాత్రమే బతకడం మొదటి ఏళ్లలో ఎవరికైనా కష్టం, కాబట్టి పక్కన ఇంకో ఆధారం ఉండాలి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, వేసవిలో జరిగే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ (టీటీసీ) శిక్షణ పూర్తి చేస్తే డ్రాయింగ్ టీచర్ పోస్టులకు దారి ఉంటుంది. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. మాట స్పష్టంగా లేనివారికి తరగతి బోధన ఇబ్బందే, కానీ పది మంది పిల్లలతో ఇంట్లో, లేదా తెర మీద గీసి చూపుతూ ఆన్‌లైన్‌లో చెప్పడం సాధ్యమే.

మీ తమ్ముడికి నాకు ఎక్కువ ఆశ కనిపిస్తున్నది డిజిటల్ ఇలస్ట్రేషన్‌లో. పిల్లల పుస్తకాలు, పత్రికల బొమ్మలు, యాప్‌ల పని ఇంటి నుంచే చేయవచ్చు. క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతను నిలబెట్టే స్టెబిలైజర్ ఉంది, చేయి వణికినా గీత నున్నగా వస్తుంది. దాన్ని ఎక్కువ పెడితే గీత ఆలస్యంగా కదులుతుంది, తక్కువలో మొదలుపెట్టి పెంచుకోవాలి. కీబోర్డు షార్ట్‌కట్లు కుడిచేతికి అందకపోతే అండూ, బ్రష్ సైజు రెండూ పెన్ను బటన్లకు పెట్టుకోవచ్చు. పై చదువు కావాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీలలో కోర్సులున్నాయి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు దివ్యాంగులవి. రాతపరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఉంటుంది, దరఖాస్తులోనే ఆ గడి నింపాలి.

పీఎం విశ్వకర్మ గురించి ఎవరైనా చెబితే: 2023లో వచ్చిన ఆ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పులు, కుమ్మరులు, ఆటబొమ్మల తయారీదారులు ఉన్నారు కానీ కాన్వాస్ చిత్రకారులు లేరు. కలంకారీ, ఏటికొప్పాక, కొండపల్లి లాంటి చేతిపనిలో ఉన్న దివ్యాంగులు మాత్రం హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ కార్డు తీసుకోవాలి. ప్రభుత్వ హస్తకళా బజార్లలో స్టాలు, లేపాక్షి లాంటి చోట్ల అమ్మకం దాంతో తేలికవుతాయి. ఎన్‌డీఎఫ్‌డీసీ తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది, కానీ నెలనెలా ఆర్డర్లు వస్తున్నాయని లెక్క చూపగలిగే దాకా అప్పు జోలికి వెళ్లకండి.

మోసాల సంగతి చెప్పి ఆపుతాను. ఎంట్రీ ఫీజు తీసుకునే ప్రదర్శనలన్నీ మోసం కావు, దరఖాస్తుతో పాటు అందరి దగ్గరా ఒకే చిన్న మొత్తం తీసుకోవడం మామూలే. అనుమానించాల్సింది వేరే రకం: మీరు దరఖాస్తే చేయకుండా ‘అంతర్జాతీయ పురస్కారానికి ఎంపికయ్యారు’ అని మెసేజ్ రావడం, ఆ తర్వాత మెమెంటోకీ కేటలాగ్‌కీ గోడ అద్దెకీ వేలల్లో అడగడం. గ్రాంట్ మంజూరైంది, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అంటే అది నూటికి నూరుపాళ్లు మోసమే. గ్రాంట్ ఇచ్చేవారు మీ దగ్గర డబ్బు తీసుకోరు. యూడీఐడీ కార్డు ఫొటో అడిగితే, మీద అడ్డంగా ఏ దరఖాస్తు కోసమో, ఏ తేదీనో రాసి పంపండి. దివ్యాంగ చిత్రకారుల ఫొటోలు, కార్డులు చూపి వేరేవాళ్లు విరాళాలు వసూలు చేయడం జరుగుతోంది. మీ తమ్ముడి పేరుతో ఎవరైనా నిధులు సేకరిస్తామంటే, డబ్బు నేరుగా అతని ఖాతాకే రావాలని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే అతని ఫొటో ఇవ్వండి.